తీగ ఒక్కటే చాలదు, నాకా కూడా కావాలి

హైదరాబాదులో తార్నాకను మీలో కొందరు చూసే ఉంటారు. సికింద్రాబాదు నుంచి ఉప్పల్‌కు పోయే దారిలో వస్తుంది. ఒక పక్క ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణ. ఉప్పల్ వైపు సాగితే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వంటి పెద్ద పరిశోధనశాలలు కనిపిస్తాయి.

ఇంతకీ తార్నాకకు ఆ పేరు ఎలా వచ్చిందో తెలుసా? ఉర్దూలో 'తార్' అంటే తీగ. 'నాకా' అంటే వచ్చేపోయేవారిని ఆపి చూసే కాపలా చోటు. ఒకప్పుడు అక్కడ ముళ్ళతీగ కంచె వేసి, కాపలా పెట్టారనీ, అందుకే తార్నాక అయిందనీ చెప్పుకుంటారు.

తీగ, నాకా. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. ఈ నెల మనం మాట్లాడుకోబోయే విషయమంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

ఒక ఆఫీసు, రెండు కంప్యూటర్లు

విశ్వవిద్యాలయం అంటే తరగతి గదులు, గ్రంథాలయం మాత్రమే కాదు. ఉస్మానియా 1918లో పుట్టింది. అంత వయసున్న విద్యాసంస్థలో ఎన్నో శాఖలు, ప్రతి శాఖకూ ఒక ఆఫీసు, ప్రతి ఆఫీసుకూ బీరువాల నిండా కాగితాలు ఉంటాయి. కంప్యూటర్లు వచ్చాక ఆ కాగితాల్లో కొన్ని ఫైళ్ళుగా మారాయి.

అలాంటి ఒక ఆఫీసును ఊహించుకుందాం. ఇది ఫలానా ఆఫీసు గురించి కాదు. మీ ఊరి మండల కార్యాలయమైనా కావచ్చు, మీ బడి ఆఫీసు గదైనా కావచ్చు.

గది మూలన ఒక పాత కంప్యూటరు ఉంది. ఇరవై ఏళ్ళ కిందటిది. అందులో ఉన్నది విండోస్ ఎక్స్‌పీ. పాత విద్యార్థుల జాబితాలు, ఉత్తరాలు, ధ్రువపత్రాల నమూనాలు అన్నీ దానిలో ఒక ఫోల్డరులో ఉన్నాయి. ఆ ఫోల్డరును 'షేర్' చేసి పెట్టారు. అంటే మిగిలిన బల్లల మీది కంప్యూటర్ల నుంచి కూడా దాన్ని తెరవవచ్చు. ఇన్నేళ్ళూ ఏ ఇబ్బందీ రాలేదు.

ఒకరోజు కొత్త కంప్యూటరు వచ్చింది. అట్టపెట్టె విప్పారు, తీగ తగిలించారు. ఇంటర్నెట్టు చక్కగా వచ్చింది. పాత ఫోల్డరు మాత్రం తెరుచుకోలేదు. నెట్‌వర్కు దారి దొరకలేదని తెర మీద ఒక మాట వచ్చింది. అంతే.

బయట బెంచీ మీద ఒక విద్యార్థి కూర్చుని ఉన్నాడు. అతనికి ఈ సాయంత్రంలోగా ఒక ధ్రువపత్రం కావాలి.

"బాబూ, ఆ అబ్బాయి ఆదిలాబాదు నుంచి వచ్చాడు. రాత్రి బస్సుకు పోవాలి. ఏదో ఒకటి చెయ్యి" అంటారు ఆఫీసు సూపరింటెండెంటు.

"ఏం కాదు మేడం. కొత్తదానిలో పాత పద్ధతి ఆన్ చేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది" అంటాడు కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడు.

ఆ రెండు నిమిషాల పని చేయవచ్చా? నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేయకూడదు. అలాగని ఆ విద్యార్థిని ఉత్తచేతులతో పంపనూ కూడదు. ఎందుకో, ఎలాగో ఇప్పుడు చూద్దాం.

తీగ కలిస్తే మాట కలిసినట్టు కాదు

రెండు ఊళ్ళ మధ్య రోడ్డు వేసినంత మాత్రాన బస్సు దానంతట అది రాదు. రెండు కంప్యూటర్ల మధ్య తీగ పెట్టినంత మాత్రాన ఫైలు కూడా దానంతట అది రాదు. ఎవరు ముందు పలకరించాలి? ఏ పేరుతో పిలవాలి? జవాబు ఏ వరసలో చెప్పాలి? అడుగుతున్నవారు ఎవరో ఎలా తెలుసుకోవాలి? వీటన్నిటి మీదా ముందుగానే ఒక ఒప్పందం ఉండాలి. ఆ ఒప్పందాన్నే 'ప్రోటోకాల్' అంటారు.

ఆఫీసుల్లో ఫైళ్ళు పంచుకోవడానికి ఎక్కువగా వాడే ఒప్పందం పేరు ఎస్.ఎం.బి. సర్వర్ మెసేజ్ బ్లాక్ అనే మాటలకు పొట్టిపేరు. 1980ల మొదట్లో ఐ.బి.ఎం. సంస్థలో బారీ ఫైగెన్‌బామ్ అనే ఇంజనీరు దీనికి పునాది వేశాడు. తరువాత మైక్రోసాఫ్ట్ సంస్థ దీన్ని తన విండోస్‌లో పెంచి పెద్దచేసింది. విండోస్ విస్టాతో రెండో రూపం, 2012లో విండోస్ 8తో మూడో రూపం వచ్చాయి.

ఇక్కడొక ముచ్చటైన సంగతి ఉంది. రెండు యంత్రాలు కలవగానే మొట్టమొదట చేసే పని భాష కుదుర్చుకోవడం. అడిగే యంత్రం తనకు వచ్చిన రూపాల జాబితా పంపుతుంది. ఇచ్చే యంత్రం వాటిలో తనకూ తెలిసినదాన్ని ఎంచుకుంటుంది. ఈ రూపాలను ఇంజనీర్లు ఏమని పిలుస్తారో తెలుసా? 'డయలెక్టులు' అని. అంటే మాండలికాలు!

శ్రీకాకుళం మనిషీ, నిజామాబాదు మనిషీ రైల్లో ఎదురెదురుగా కూర్చుంటే ఏం చేస్తారు? ఇద్దరూ కాస్త సర్దుకుని, ఇద్దరికీ తెలిసే తెలుగులో మాట్లాడుకుంటారు. కంప్యూటర్లూ అంతే. కాని ఇద్దరికీ ఉమ్మడిగా తెలిసిన మాండలికం ఒక్కటి కూడా లేకపోతే మాటే మొదలు కాదు. మన ఊహా ఆఫీసులో జరిగింది ఇదే. పాత యంత్రానికి మొదటి రూపం ఒక్కటే వచ్చు. కొత్త యంత్రానికి ఆ రూపం లేకుండానే పంపారు.

ఎక్కడ తెగింది?

"కనెక్షన్ రావటం లేదు" అనగానే తీగ పీకి మళ్ళీ పెట్టడం, యంత్రాన్ని ఆపి మళ్ళీ వెయ్యడం మనందరికీ అలవాటు. కొన్నిసార్లు పని జరుగుతుంది కూడా. కాని అది వైద్యం కాదు. మంచి డాక్టరు ఒళ్ళు వెచ్చగా ఉందనగానే మందు రాయడు. వరసగా ప్రశ్నలు అడుగుతాడు. ఇక్కడ కూడా ఐదు ప్రశ్నలు ఉన్నాయి.

మొదటిది, తీగ బాగుందా? నెట్‌వర్కులో ప్రతి కంప్యూటరుకూ 192.168.1.10 వంటి ఒక నంబరు ఉంటుంది. 'పింగ్' అనే ఆదేశంతో ఆ నంబరును ఒకసారి పలకరించవచ్చు. జవాబు వస్తే తీగ బాగున్నట్టే. జవాబు రాకపోతే మాత్రం తీగ తెగిందని వెంటనే తీర్పు చెప్పకండి. కొన్ని యంత్రాల్లో ఫైర్‌వాల్ అనే కాపలాదారు ఆ పలకరింపుకు జవాబు ఇవ్వనివ్వడు.

రెండోది, పేరు తెలుస్తోందా? పాత నెట్‌వర్కుల్లో కంప్యూటర్లు ఒకదాన్నొకటి వీధిలో కేకవేసి పిలిచినట్టు పిలుచుకునేవి. పేరు 15 అక్షరాలకు మించకూడదు. అంతేకాదు, అవి తమలో తాము ఒక ఎన్నిక జరుపుకుని, గెలిచిన యంత్రానికి ఇరుగుపొరుగు జాబితా రాసిపెట్టే పని అప్పగించేవి! ఈ జాబితా పద్ధతి ఎస్.ఎం.బి. మొదటి రూపం మీద ఆధారపడింది. ఆ రూపాన్ని తీసేస్తే జాబితా ఖాళీగా కనిపిస్తుంది. కాబట్టి జాబితాలో కనిపించనంత మాత్రాన ఆ యంత్రం లేదని కాదు. పేరు వదిలేసి, నేరుగా నంబరుతో అడిగి చూడాలి.

మూడోది, మాండలికం కుదిరిందా? దీని గురించి ఇప్పుడే చెప్పుకున్నాం.

నాలుగోది, నువ్వెవరు? పాత ఆఫీసుల్లో చాలాచోట్ల ఎవరైనా పాస్‌వర్డు లేకుండా 'అతిథి'గా లోపలికి వచ్చేవారు. కొత్త యంత్రాలు అలాంటి చోటికి వెళ్ళడానికి ఒప్పుకోవు. 2024లో వచ్చిన విండోస్ 11 రూపంలో, ఆఫీసులకు, విద్యాసంస్థలకు ఉద్దేశించిన రకాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. వచ్చే ప్రతి సందేశం మీదా సంతకం వంటి గుర్తు ఉండాలని పట్టుపడతాయి. సందేశాన్ని దారిలో ఎవరూ మార్చలేదని చెప్పే గుర్తు అది. సంతకం పెట్టడం రాని పాత నిల్వపెట్టెలు ఇక్కడ ఆగిపోతాయి. పెద్ద నెట్‌వర్కుల్లో గడియారం కూడా ముఖ్యమే. రెండు యంత్రాల గడియారాలకు 5 నిమిషాలకు మించి తేడా ఉంటే, పాస్‌వర్డు సరైనదైనా లోపలికి రానివ్వకపోవచ్చు.

ఐదోది, అనుమతి ఉందా? ఫోల్డరును పంచేటప్పుడు ఇచ్చే అనుమతి ఒకటి, ఫైలు మీద ఉండే అనుమతి ఒకటి. రెంటిలో ఏది కఠినమైనదైతే అదే చెల్లుతుంది. వీధి తలుపు తెరిచి ఉన్నా బీరువాకు తాళం ఉన్నట్టన్నమాట.

ఈ ఐదింటిని వరసగా చూడాలి. ఒకసారికి ఒకటి మాత్రమే మార్చి చూడాలి. మీ బడిలో లోలకం ప్రయోగం చేసేటప్పుడు దారం పొడవును మారుస్తూ, గుండు బరువును కూడా మారుస్తారా? మార్చరు. రెండూ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏం జరిగిందో తెలియదు. కంప్యూటరు బాగుచేయడం కూడా ప్రయోగమే. అందులోనూ సైన్సు నియమాలే చెల్లుతాయి.

ఆ తలుపు ఎందుకు మూశారు?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. కొత్త యంత్రాలకు పాత మాండలికం ఎందుకు లేకుండా చేశారు? కంపెనీ వాళ్ళు మనచేత కొత్త సరుకు కొనిపించడానికేనా?

2017 మే 12న ప్రపంచం ఒక పాఠం నేర్చుకుంది. 'వన్నాక్రై' అనే కంప్యూటర్ పురుగు ఆ రోజు బయలుదేరింది. అది దూరిన యంత్రంలోని ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమని అడిగేది. కొద్ది రోజుల్లోనే సుమారు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. ఇంగ్లండులో సుమారు మూడో వంతు ఆసుపత్రి ట్రస్టుల పని అస్తవ్యస్తమయింది. వేలాది రోగుల వైద్యం వాయిదా పడింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల పోలీసు కంప్యూటర్లు కొన్ని దెబ్బతిన్నాయని అప్పట్లో పోలీసు అధికారులు చెప్పారు.

ఆ పురుగు అంత వేగంగా ఎలా పాకింది? ఎవరూ ఏ మీటా నొక్కనక్కరలేకపోయింది. విండోస్‌లో ఎస్.ఎం.బి. మొదటి రూపం నడిచే తీరులో ఒక రంధ్రం ఉంది. ఒక యంత్రంలో దూరితే, అదే నెట్‌వర్కులో ఆ రంధ్రం ఉన్న ప్రతి యంత్రానికీ తనంతట తానే పాకిపోయేది. ఫైళ్ళు పంచుకోవడానికి వేసిన దారే దానికి రహదారి అయింది.

ఇక్కడ ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. ఆ రంధ్రాన్ని పూడ్చే మరమ్మతును మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే ఇచ్చింది. పురుగు బయలుదేరింది సరిగ్గా 59 రోజుల తరువాత. మరమ్మతు చేసుకున్న యంత్రాల్లో పాత రూపం ఉన్నా పురుగు దూరలేదు. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం ఎక్స్‌పీ కాదు, మరమ్మతు చేయకుండా వదిలేసిన విండోస్ 7 యంత్రాలు. అంటే తప్పు వయసుది కాదు, పట్టించుకోకపోవడానిది. ఎక్స్‌పీకి మామూలు మరమ్మతులు 2014 ఏప్రిల్ 8నే ఆగిపోయాయి. దాన్ని పట్టించుకునేవారే లేరు. అందుకే పురుగు వచ్చాక దానికి ప్రత్యేకంగా మరమ్మతు విడుదల చేయవలసి వచ్చింది.

పాత రూపానికి ఇంకో లోపం కూడా ఉంది. మూడో రూపంలో ఫైలును రహస్యలిపిలోకి మార్చి పంపవచ్చు. మొదటి రూపంలో విండోస్‌కు ఆ సౌకర్యం లేదు. దారిలో చెవి ఒగ్గినవాడు అంతా చదివేయగలడు. అందుకే 2017 అక్టోబరు నుంచి విండోస్‌లో ఆ రూపాన్ని అంచెలంచెలుగా తొలగించడం మొదలుపెట్టారు. సాంబా అనే ఉచిత సాఫ్ట్‌వేరులో కూడా 2019లో దాన్ని ముందుగానే ఆపి ఉంచడం మొదలయింది.

కాబట్టి కొత్త కంప్యూటరు పాత ఫోల్డరును తెరవకపోవడం చెడిపోవడం కాదు. అది నాకా దగ్గర నిలబడ్డ కాపలాదారు చెప్పే మాట. తీగ ఉంది, కాని ఈ దారిలో ఎవరు వస్తున్నారో చూసే పద్ధతి లేదు, నేను పోను అంటోంది.

రెండు నిమిషాల పనికి వచ్చే ఖరీదు

ఇప్పుడు ఆ కుర్రవాడి రెండు నిమిషాల ఉపాయాన్ని చూడండి. కొత్త యంత్రంలో పాత మాండలికం ఆన్ చేస్తాడు. ఫోల్డరు తెరుచుకుంటుంది. అందరూ సంతోషిస్తారు. విద్యార్థి బస్సెక్కుతాడు. కాని ఆ మాండలికాన్ని మళ్ళీ ఆపేదెవరు? ఎవరూ ఆపరు. పని జరుగుతున్నదాన్ని ఎవరూ ముట్టుకోరు. రేపు ఇంకో కొత్త కంప్యూటరు వస్తుంది, దానిలోనూ ఆన్ చేస్తారు. మూలనున్న ఒక్క ముసలి యంత్రం కోసం గదిలోని యంత్రాలన్నీ తమ కాపలాను తగ్గించుకుంటాయి. అందరినీ దాని స్థాయికి దించడం దానికి సాయం చేయడం కాదు.

ఆ కుర్రవాణ్ణి నేను తప్పుపట్టను. బయట ఒక మనిషి ఎదురుచూస్తున్నాడు. పని ఆగితే మాట పడేది తనే. ఆఫీసువారినీ తప్పుపట్టను. కొత్త కంప్యూటరుకు డబ్బు మంజూరు చేసిన పెద్దలు, పాతదానిలోని ఫైళ్ళను తరలించడానికి ఒక రోజు సమయం కూడా మంజూరు చేయాలని అనుకోలేదు. నా తగాదా అక్కడే. కొత్త ఇల్లు కట్టినప్పుడు సామాను చేరవేతకు బండి కూడా మాట్లాడుకుంటాం కదా! కంప్యూటరు కొన్నప్పుడు మాత్రం ఆ బండి సంగతి మరచిపోతాం.

కంపెనీలతో కూడా నాకో తగాదా ఉంది. తలుపు మూయడం సరే. ఎందుకు మూశారో తలుపు మీద రాయాలి. విండోస్ కొన్నిసార్లు ఈ పాత రూపం సురక్షితం కాదు కనుక తెరవడం లేదని స్పష్టంగా చెబుతుంది. చాలాసార్లు మాత్రం దారి దొరకలేదని చెప్పి ఊరుకుంటుంది. దారి ఉంది, భాష కుదరలేదు. ఆ మాట తిన్నగా చెబితే సగం ఆఫీసుల్లో ఈ తలనొప్పి ఉండదు.

మరి ఆ విద్యార్థి మాటేమిటి? అతని పని అన్నిటికంటే సులువు. ఎవరైనా లేచి మూలనున్న పాత కంప్యూటరు ముందు కూర్చోవాలి. దానికి ప్రింటరు ఉంటే ఆ ఒక్క కాగితం అక్కడే తీసి ఇవ్వాలి. ప్రింటరు లేకపోతే ఖాళీ పెన్‌డ్రైవులో ఆ ఒక్క ఫైలు తీసుకుని, కొత్త యంత్రంలో వైరస్ పరీక్ష చేసి తెరవాలి. పది నిమిషాల పని. తలుపులన్నీ తీయకుండానే అతని బస్సు అతనికి దొరుకుతుంది.

మధ్యవర్తిని పెట్టుకుందాం

"అన్నీ తరలించడం కుదరదు, పాత యంత్రం రోజూ కావాలి" అనే చోట్లు కూడా ఉన్నాయి. ప్రయోగశాలల్లో ఖరీదైన పరికరాలుంటాయి. పరికరం ఇంకా చక్కగా పనిచేస్తూ ఉంటుంది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేరు మాత్రం పాత విండోస్‌లోనే నడుస్తుంది. కంప్యూటరు పాతబడిందని పరికరాన్ని పారేస్తామా?

అక్కరలేదు. ఉస్మానియా చరిత్రలోనే దీనికి ఒక దారి కనిపిస్తుంది. ఆ విశ్వవిద్యాలయంలో మొదట చదువంతా ఉర్దూలో సాగేది. సైన్సు పుస్తకాలేమో ఎక్కువగా ఇంగ్లీషులో ఉండేవి. అందుకని 1917లోనే ఒక అనువాద విభాగాన్ని ఏర్పాటు చేశారు. రెండు భాషలూ బాగా తెలిసిన కొద్దిమంది మధ్యలో కూర్చుని, పుస్తకాలను ఒడ్డు దాటించారు. 1948 తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది, అది వేరే కథ.

కంప్యూటర్లకు కూడా అలాంటి మధ్యవర్తిని పెట్టవచ్చు. రెండు నెట్‌వర్కు సాకెట్లున్న ఒక చిన్న లినక్స్ కంప్యూటరు చాలు. ఒక సాకెట్టుకు పాత యంత్రం ఒక్కటే తగిలించాలి. రెండో సాకెట్టు ఆఫీసు వైపు. మధ్యవర్తి పాత యంత్రాన్ని పాత మాండలికంలో అడిగి ఫైళ్ళు తెస్తుంది. ఆఫీసు యంత్రాలకు కొత్త మాండలికంలో మాత్రమే, పాస్‌వర్డు చూసి మాత్రమే ఇస్తుంది. పాత యంత్రానికి ఇంటర్నెట్టు ఉండదు. తీగకు తీగ, నాకాకు నాకా.

ఈ పనికి వాడేదే ఇందాక చెప్పిన సాంబా. దాని కథ మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే అది మొదలుపెట్టినవాడు ఒక విద్యార్థి. ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థికి, తన బల్ల మీది చిన్న కంప్యూటరు నుంచి యూనిక్స్ యంత్రంలోని ఫైళ్ళు తెరవవలసి వచ్చింది. ఆ రెండూ మాట్లాడుకునే పద్ధతి గురించి అతని దగ్గర పుస్తకం లేదు. తీగలో పోయే సందేశాలను ఓపికగా గమనించాడు. తెలియని భాష వినిపించే హోటల్లో కూర్చుని, ఎవరు ఏమంటే సర్వరు ఏం తెచ్చిపెడుతున్నాడో చూస్తూ భాష నేర్చుకున్నట్టు నేర్చుకున్నాడు. 1992 జనవరిలో తన ప్రోగ్రామును అందరికీ ఇచ్చేశాడు. తరువాత దానికి పేరు వెతుకుతూ, ఎస్, ఎం, బి అక్షరాలు వరసగా వచ్చే మాట కోసం కంప్యూటరులోని పదాల జాబితా వెతికితే 'సాంబా' దొరికింది. అది బ్రెజిలు దేశపు నాట్యం పేరు!

దాటించిన ఫైలును చదవగలమా?

ఫైలు ఒడ్డు దాటితే పని అయిపోయిందని అనుకోకండి. తరలించాక రెండు వైపులా ఫైళ్ళ లెక్క సరిపోయిందో లేదో చూడాలి. కొన్నిటిని తెరిచి చదవాలి. అప్పుడే మన తెలుగువారికి ప్రత్యేకమైన ఇంకో చిక్కు బయటపడుతుంది. పాత తెలుగు ఉత్తరం తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి.

ఫైలు చెడిపోలేదు. ఇది కూడా ఒప్పందం కుదరకపోవడమే. పాత డి.టి.పి. అక్షరాల్లో చాలావాటికి ఇంగ్లీషు అక్షరాల గదుల్లోనే తెలుగు ముక్కలను కూర్చోబెట్టేవారు. ఆ ఫాంటు ఉంటేనే తెలుగు. అది లేకపోతే గదిలోని అసలు ఇంగ్లీషు అక్షరం కనిపిస్తుంది. యూనికోడ్ అనే ప్రపంచ ఒప్పందంలో మాత్రం 1991 నుంచీ తెలుగుకు సొంత గదులున్నాయి. 3072 నుంచి 3199 వరకు 128 నంబర్లు మనవి. 'అ' నంబరు 3077. ఏ దేశంలో, ఏ యంత్రంలో తెరిచినా 3077 అంటే 'అ' మాత్రమే. కాబట్టి పాత ఉత్తరాలను యూనికోడ్‌లోకి మార్చి, మనిషి కంటితో ఒకసారి సరిచూసి భద్రపరచాలి. లేకపోతే ఫైలు ఉంటుంది, మాట పోతుంది.

మీరేం చేయవచ్చు?

మీ బడిలో కంప్యూటరు గది ఉంటే, మీ ఉపాధ్యాయుల అనుమతితో మూడు విషయాలు కనుక్కోండి. అక్కడి అతి పాత యంత్రంలో ఏ విండోస్ ఉంది? దానికి మరమ్మతులు ఇంకా వస్తున్నాయా? విండోస్ 10కి కూడా మామూలు మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. దానిలో మాత్రమే ఉండి, ఇంకెక్కడా నకలు లేని ఫైళ్ళు ఏవి? మూడో ప్రశ్నకు జవాబు దొరికిన రోజే నకలు తీయమని అడగండి. పాత యంత్రం మనకు చెప్పి చెడిపోదు.

పెద్దయ్యాక మీలో కొందరు ఆఫీసుల్లో కూర్చుంటారు, కొందరు కంప్యూటర్లు బాగుచేస్తారు, కొందరు వాటిని తయారుచేస్తారు. బల్లకు ఇవతల ఉన్నా అవతల ఉన్నా, యంత్రం కాదన్నప్పుడు దాన్ని నోరు మూయించే ఉపాయం వెతక్కండి. ఐదు ప్రశ్నల్లో ఎక్కడ తెగిందో అడగండి. పాత కాగితాన్ని వదలకండి, పాత తలుపును మళ్ళీ తెరవకండి. ఈసారి తార్నాక మీదుగా వెళ్ళేటప్పుడు ఆ పేరులోని రెండో సగాన్ని కూడా ఒకసారి గుర్తుచేసుకోండి.